ఐర్లండ్ చిన్న రాజ్యాలు, వాటి వంశావళులు: దేన్ని నమ్మాలి, ఎట్ల సరిచూసుకోవాలి?

హనుమకొండ_చదువరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా చదువరుల బృందం ఈసారి తీసుకున్న అంశం తొలి మధ్యయుగపు ఐర్లండ్, సుమారు 500 నుంచి 1014 దాకా. కాకతీయులు, వేములవాడ చాళుక్యులు, పొలవాస నాయకుల శాసనాలు చదివిన అలవాటు మాకున్నది. అయినా ఐర్లండ్ వంశవృక్షం ముందర పెట్టుకుంటే తల తిరుగుతున్నది. మూడు చోట్ల ఆగిపోయినం.

మొదటిది మెట్ల సంగతి. పైన టారాలో (రాజరికానికి గుర్తుగా చెప్పే గుట్ట) ఒక మహారాజు, ఆయన కింద అయిదు ప్రాంతాల రాజులు, వాళ్ల కింద సామంతులు అని పటం గీసుకున్నం. చక్రవర్తి, మహామండలేశ్వరుడు, మండలేశ్వరుడు అన్న లెక్కన. ఇది సరైనదేనా?

రెండోది, ఉత్తరాన ఏ పెద్ద రాజవంశాన్ని పట్టుకున్నా నియల్ అనే ఒక్క మనిషి దగ్గరికే పోతున్నది. మన దగ్గర ఎంతోమంది దుర్జయుడి దగ్గరికో, కరికాల చోళుడి దగ్గరికో పోయినట్టు. ఆ నియల్ నిజంగా ఉన్నాడా?

మూడోది, దానశాసనాలు లేని చోట వంశావళిని దేనితో సరిచూస్తరు? పేర్లు తప్పుగా పలుకుతుంటే అవి కూడా సరిదిద్దండి.

కాజీపేట_జంక్షన్

అన్నా, ముందుగాల ఆ పటం చెరిపేయండి. అది 10, 11 శతాబ్దాల పండితులు వెనక్కి జరిపి గీసుకున్న ఐర్లండ్. 7వ శతాబ్దంలో అట్లా లేదు.

అప్పటి అసలు రాజ్యం 'తువథ్'. ఒక చిన్న జనసమూహం, దాని నేల, దాని రాజు. ద్వీపం మొత్తం మీద ఏ కాలంలో చూసినా ఇవి 100 నుంచి 150 దాకా ఉండేవని అంచనా. మన తాలూకా కంటే పెద్దవేం కావు. పండితుడు, చర్చి, కవి, రాజు లేనిది తువథ్ కాదని ఒక పాత న్యాయవాక్యం ఉంది. రాజుతో పాటు కవిని కూడా లెక్కలోకి తీసుకున్నారు చూడండి. వంశావళి ఆ కవి, పండితుల చేతిలోనే ఉండేది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

మెట్లు లేవని కాదు. సుమారు 700 నాటి 'క్రీథ్ గబ్లఖ్' అనే న్యాయగ్రంథం రాజుల్ని మూడు తరగతులు చేసింది. ఒక్క తువథ్‌ను ఏలేవాడు 'రీ'. కొన్ని తువథ్‌ల మీద పెద్దరికం ఉన్నవాడు 'రుయిరి'. అలాంటి పెద్దల మీద పెద్ద 'రీ రుయిరెఖ్'. ఎవరి గౌరవానికి భంగం కలిగితే ఎంత పరిహారం కట్టాలో కూడా అందులోనే ఉంది: మామూలు రాజుకు 7 కుమల్‌లు, పై తరగతి రాజుకు 14. కుమల్ అంటే మొదట దాసి వెల. తర్వాత లెక్క ప్రమాణంగా మారింది, ఎక్కువ చోట్ల 3 పాడి ఆవులతో సమానం. అంటే మామూలు రాజు పరువు 21 ఆవులు, పెద్ద రాజుది 42. ఈ రెండు అంకెల మధ్య దూరం ఎంత తక్కువో గమనించండి. చక్రవర్తికీ సామంతుడికీ మధ్య ఉండే ఎడం అక్కడ లేదు.

పై రాజు కింది తువథ్‌లోకి వచ్చి నేరుగా పాలించడు. పన్ను అధికారులుండరు, ఊళ్ల మీద అతని నాయకులుండరు. కింది రాజు నుంచి బందీలను తీసుకుంటాడు, పశువుల రూపంలో కప్పం తీసుకుంటాడు, యుద్ధానికి మనుషుల్ని పిలుస్తాడు. బదులుగా కింది రాజుకు కానుకలిస్తాడు. ఆ కానుక పుచ్చుకోవడమే లోబడినట్టు గుర్తు. పై రాజు చచ్చిపోతే ఈ కట్టు సగం ఊడిపోతుంది, కొత్తవాడు మళ్లీ మొదటినుంచి బందీలను సంపాదించుకోవాలి. పటాల మీద గట్టి గీతతో సరిహద్దులు గీస్తే తప్పుదారి పట్టేది ఇందుకే.

అదే గ్రంథం రాజు వారాన్ని కూడా పంచిపెట్టింది: ఆదివారం విందులో బీరు, సోమవారం తీర్పులు, మంగళవారం పలక మీద ఆట, బుధవారం వేటకుక్కల్ని చూడటం, గురువారం భార్యతో, శుక్రవారం గుర్రప్పందేలు, శనివారం మళ్లీ తీర్పులు. దీన్ని దినచర్య అనుకుని చదివితే నవ్వొస్తుంది. రాసిన న్యాయవేత్త ఆదర్శాన్ని రాశాడు. రాజు కోట కొలత అడ్డంగా 140 అడుగులు అని కూడా పెట్టాడు. నేల మీద మిగిలిన మట్టికోటలు 40 వేల పైచిలుకు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం రైతులవే. కాబట్టి మట్టికోట కనిపించిన చోటల్లా రాజు ఉన్నాడనుకోవద్దు.

శాసనాల_సంచి

ఉచ్చారణ సంగతి ముందు. నియల్ సంతతి పేరును వాళ్లు 'ఈ నేల్' అన్నట్టు పలుకుతారు. కానీ తెలుగులో 'ఈ నేల్ వంశం' అని రాస్తే ఏ నేల్ వంశం అని అడుగుతారు. అందుకని 'ఉయి నేల్' అని రాసుకుందాం.

ఇక సరిచూడటం. నేను చెప్పే వరస ఇది, ఇదే వరసలో చేయండి. మొదట పేరు రకం చూడండి. 'డాల్', 'కోర్కు' అని మొదలయ్యేవి, '-రిగె' అని ముగిసేవి పాత జాతుల పేర్లు. 'ఉయి', 'కెనేల్', 'షీల్', 'క్లాన్' అంటే ఫలానావాడి సంతతి అని. ఇవి సాధారణంగా 5వ శతాబ్దం నుంచి పైకి తేలిన రాజకుటుంబాలు. పాత జాతి పేరు కింద నలిగిపోయి, దాని నేల మీద కొత్త సంతతి పేరు కూర్చోవడం ఐర్లండ్ అంతటా కనిపిస్తుంది. ఈ లెక్కకు ఎదురు నడిచే పేరు తగిలితే అక్కడ ఆగాలి. పాత పద్ధతి పేరు కొత్తగా పుట్టిందంటే ఎవరో పూనుకుని పాతదనం తెచ్చిపెట్టారన్నమాట. ఉదాహరణ కింద చెబుతా.

తర్వాత తరాలు లెక్కపెట్టండి. నియల్‌తోనే చేద్దాం. వంశావళి ప్రకారం నియల్ కొడుకు కొనల్ క్రెంథన్, అతని కొడుకు ఫెర్గుస్ కెర్‌బేల్, అతని కొడుకు డియర్మైడ్. ఈ డియర్మైడ్ 565లో చంపబడ్డాడు, ఇది కాస్త గట్టి తేదీ. తరానికి 30 ఏళ్ల చొప్పున మూడు తరాలు వెనక్కి పోతే 475. అయితే 1632–36 మధ్య డొనెగాల్‌లో 'నలుగురు పండితులు' కూర్చిన వార్షికాలు (ఏటేటి సంఘటనలు వరసగా రాసిన పుస్తకాలు) నియల్ చావును 405లో పెట్టాయి. అప్పుడు మూడు తరాలకు 160 ఏళ్లు, తరానికి 53. ఒక్క తరమైతే సరే అనుకోవచ్చు, వరసగా మూడు తరాలు అట్లా ఉండవు. నియల్ ఉన్నాడా అంటే ఉండి ఉంటాడు, కానీ 5వ శతాబ్దం నడుమో చివరనో. 405 తేదీని మీ పట్టికలో పెట్టకండి. అతణ్ని అంత వెనక్కి నెట్టింది క్రైస్తవ ప్రచారకుడు సెయింట్ పాట్రిక్ రాకకు ముందే టారాలో ఉయి నేల్ వాళ్లు స్థిరపడినట్టు చూపాల్సిన అవసరం.

మూడోది, వంశావళిలో ఉన్న ప్రతి రాజుకూ వార్షికాల్లో చావుకబురు ఉందా వెతకండి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. అల్స్టర్ వార్షికాల రాతప్రతిలో ఉన్న సంవత్సరం 1013 దాకా ఒక ఏడాది వెనకబడి ఉంటుంది. రాతప్రతిలో 733 అంటే నిజంగా 734. కొన్ని పుస్తకాలు సరిదిద్దిన తేదీ ఇస్తాయి, కొన్ని ఉన్నదున్నట్టు ఇస్తాయి. రెండూ కలిపి పట్టిక తయారుచేస్తే ఒకే యుద్ధం రెండుసార్లు వస్తుంది. ఏ లెక్క వాడారో పట్టిక నెత్తిన రాయండి.

నాలుగోది అతుకు వెతకడం. వంశావళుల్లో పై పేర్లు (పురాణం నుంచి వచ్చినవి) ఒక పోతగా ఉంటాయి, కింది పేర్లు (చావుకబురు ఉన్నవి) ఒక పోతగా. మధ్యలో మూడు నాలుగు పేర్లు ఎక్కడా ఇంకో ఆధారం లేకుండా వేలాడుతుంటాయి. అతుకు అక్కడే ఉంటుంది.

ఈ నాలుగూ కలిసొచ్చే మంచి ఉదాహరణ డాల్ కాష్, అంటే ఐర్లండ్ రాజులందరి మీద పెద్దరికం సాధించిన బ్రియన్ బోరు వంశం. షానన్ నది కింది భాగంలో, ఇప్పటి క్లేర్ తూర్పున 'ఉత్తర డేష్' అనే జనం ఉండేవాళ్లు. డేష్ అంటేనే కప్పం కట్టే జనం. దక్షిణాన ఉన్న మన్‌స్టర్ ప్రాంతాన్ని కాషెల్ గుట్ట మీదినుంచి ఏలింది ఓగనఖ్త వంశం, వీళ్లు వాళ్ల కింద ఉన్నవాళ్లు. 934లో మోథ్లా కొడుకు రెబఖాన్ చనిపోయినప్పుడు మొదటిసారిగా 'డాల్ కాష్ రాజు' అన్న మాట వార్షికాల్లో కనబడుతుంది. 'డాల్' పాత పద్ధతి పేరు, మనుషులకు మాత్రం కొత్తగా వచ్చింది. అప్పటికి వంశావళి కూడా మారింది: ఓగనఖ్త మూలపురుషుడు ఓగన్‌కు కొర్మాక్ కాస్ అనే తమ్ముడు, ఇద్దరూ అయిలిల్ ఓలం కొడుకులు, డాల్ కాష్ ఆ తమ్ముడి సంతతి. తమ్ముడి సంతతి అయితే కాషెల్ గద్దె వంతులవారీగా తమకూ రావాలి కదా! ఈ వాదన కోసమే ఆ తమ్ముడు పుట్టాడు.

కాలం కూడా సరిగ్గా కలిసింది. వైకింగ్‌ల దాడులు, ఓగనఖ్త కొమ్మల తగవులు, 908లో బెలఖ్ ముగ్నా యుద్ధంలో కాషెల్ రాజు కొర్మాక్ మాక్ కులెన్నాన్ చావు. వీటితో కాషెల్ బలం పడిపోయింది. డాల్ కాష్ రాజు కెన్నేటిగ్ 951లో చనిపోయాడు. అతని కొడుకు మథ్‌గమన్ కాషెల్ పట్టుకున్నాడు, 967లో లిమరిక్‌ను దోచాడు, 976లో హతమయ్యాడు. తమ్ముడు బ్రియన్ 978లో బెలఖ్ లెఖ్టా దగ్గర పగతీర్చుకున్నాడు. 1002 నాటికి టారా రాజు మేల్ షెఖ్నల్ కూడా లొంగిపోయాడు. 1005లో బ్రియన్ అర్మా చర్చి పీఠం మీద 20 ఔన్సుల బంగారం పెట్టాడు. అక్కడి పుస్తకంలోనే అతని లేఖకుడు 'ఐరిష్ జనాల చక్రవర్తి' అని లాటిన్‌లో రాశాడు. పేరు, వంశావళి, కత్తి, బిరుదు ఏ వరసలో వచ్చాయో చూడండి. పేరు 934లో, బిరుదు 1005లో, మధ్య 71 ఏళ్లు.

హనుమకొండ_చదువరి

చాలా ఉపయోగపడింది సార్. రెండు అనుమానాలు. టారా రాజ్యం ఎప్పుడూ ఉయి నేల్ వాళ్లదేనని అన్ని పట్టికలూ చెబుతున్నయి, అది కూడా అతుకేనా? ఇంకొకటి, నియల్ సంతతిని డీఎన్‌ఏ పరీక్ష రుజువు చేసిందని మా దగ్గర ఒకరు గట్టిగా వాదిస్తున్నరు.

కాజీపేట_జంక్షన్

టారా విషయంలో పట్టుకోవాల్సిన ఆధారం తేనెటీగల చట్టం. నవ్వకండి, నిజమే. 'బెఖ్‌బ్రెథ' అనే 7వ శతాబ్దపు న్యాయగ్రంథం తేనెపట్ల గురించి. ఎవరి ఈగలు ఎవర్ని కుడితే ఎంత పరిహారం అన్న సందర్భంలో కొంగల్ కేఖ్ అనే ఆయన కన్ను ఈగల వల్ల పోయిందని, అప్పటిదాకా ఆయన టారా రాజుగా ఉండి, దానివల్లే పదవి పోగొట్టుకున్నాడని మామూలు మాటగా చెప్పేస్తుంది. అంగలోపం ఉన్నవాడు రాజుగా ఉండరాదు. ఈ కొంగల్ ఉయి నేల్ కాదు, ఈశాన్యాన ఉన్న డాల్ నరిది మనిషి, క్రుథిన్ జాతివాడు. 637లో మగ్ రోథ్ యుద్ధంలో ఉయి నేల్‌లో ఒక కొమ్మ అయిన కెనేల్ కొనల్‌కు చెందిన డోనల్ మాక్ ఏడో చేతిలో చచ్చిపోయాడు. ఉయి నేల్ పండితులు తర్వాత కట్టిన పట్టికల్లో అతని పేరు లేదు. చట్టం రాసినవాడికి వంశాన్ని పొగడాల్సిన పని లేదు, అందుకే అతని మాట బరువైనది. వంశావళి ఆధారాలు వంశావళుల్లోనే వెతకడం మొదటి తప్పు.

మరి ఉయి నేల్ గుత్తాధిపత్యం ఎప్పటిది? వాళ్లలో నాలుగు కొమ్మలు గుర్తుపెట్టుకోండి. ఉత్తరాన డొనెగాల్ వైపు కెనేల్ కొనల్, ఐలఖ్ కోట వైపు కెనేల్ నోగన్. దక్షిణాన బ్రెగలో షీల్ ఏడో స్లానె, మిడెలో క్లాన్ కోల్మాన్. ఈ దక్షిణాది ఇద్దరూ పైన చెప్పిన డియర్మైడ్ కొడుకుల సంతతి. 734లో కెనేల్ కొనల్ రాజు ఫ్లెవర్టఖ్ దిగిపోయాడు, కెనేల్ నోగన్ మనిషి ఏడ్ అల్లాన్ ఎక్కాడు. 743లో అతణ్ని చంపి క్లాన్ కోల్మాన్ డోనల్ ఎక్కాడు. అక్కడినుంచి 1002 దాకా దాదాపుగా ఈ రెండు కొమ్మల మధ్యే గద్దె మారింది. మినహాయింపుగా 944–956 మధ్య షీల్ ఏడో స్లానె కొంగలఖ్ ఒక్కడు దూరాడు. ఇది వట్టి కథ కాదు, చావుకబుర్లతో సరిపోయే వరస. అంటే పట్టికలో 734 తర్వాతి భాగాన్ని ధైర్యంగా వాడుకోవచ్చు. 7వ శతాబ్దానికి రెండో ఆధారం లేకుండా ఏ పేరూ తీసుకోకండి. 560 నాటి 'టారా విందు'ను డియర్మైడ్ జరిపింది కాస్త పాత ఆధారమే, అదే చివరి విందు అంటారు. దానికి ముందున్నదంతా పురాణం వాసన కొడుతుంది.

డీఎన్‌ఏ గురించి. 2006లో ఒక పరిశోధన వాయవ్య ఐర్లండ్‌లో ఒకే తండ్రివరస గుర్తు ఎక్కువగా కనబడుతున్నదని, అది ఉయి నేల్ నేలతో కలుస్తున్నదని చెప్పింది. పత్రికలు దాన్ని 'నియల్ సంతానం' చేసేశాయి. నియల్ ఎముకలు ఎవరి దగ్గరా లేవు, పోల్చడానికి ఏమీ లేదు. ఆ గుర్తు నియల్ కంటే ముందే పుట్టి ఉండవచ్చన్న వాదన తర్వాత బలపడింది. ఒక ప్రాంతంలో చాలామంది దగ్గర బంధువులని మాత్రం అది చూపగలదు. మూలపురుషుడి పేరు రక్తంలో రాసి ఉండదు.

పొలాస_పోరడు

మన పోలిక సంగతి నేను చెప్తా. దుర్జయుడితో పోల్చడం బాగనే ఉన్నది, కాని ఆధారం రకం వేరు. మనకు మాంగల్లు రాగిరేకులు 956 నాటివి. కాకతీయుల పూర్వీకుడు కాకర్త్య గుండ్యన బతికున్నప్పుడే చెక్కినవి. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుని కాలంది, అంటే రెండున్నర శతాబ్దాల తర్వాత అదే కుటుంబం తనను తాను ఎట్ల చెప్పుకున్నదో చూపిస్తది. ఈ రెండూ పక్కపక్క పెడితే వంశావళి ఎట్ల పెరిగిందో తారీఖులతో సహా చెప్పొచ్చు. ఐర్లండ్ పెద్ద వంశావళి రాతప్రతులు 12వ శతాబ్దం నుంచి మొదలయితయి, లోపలి సరుకు 7వ శతాబ్దందైనా ప్రతి మాత్రం అప్పటిదే. ప్రతి తిరగరాసినప్పుడల్లా పైన గద్దె మీద ఎవడున్నడో వాడి చెయ్యి పడే వీలున్నది. ఆ తేడా మీ పట్టికలో కనబడాలె.

అక్కడ శాసనాలే లేవన్నది కూడా నిజం గాదు. ఓఘమ్ రాళ్లున్నయి, దాదాపు 400. ఎక్కువ 5, 6 శతాబ్దాలవి, కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్‌లల్ల. రాయి అంచు మీద గీతలు పెట్టి 'ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, ఫలానా తెగ' అని చెక్కిన్రు. డింగిల్ ద్వీపకల్పంల దొరికిన రాళ్ల మీద 'ముకోయి డోవినియస్' అని ఉంటది. తర్వాత పుస్తకాలల్ల కోర్కు దువ్‌నె అని కనబడే జనం వాళ్లే. అంటే ఒక తెగ పేరు అదే నేల మీద శతాబ్దాలు నిలబడ్డదనటానికి ఇది రుజువు. దానం, తారీఖు, ప్రశస్తి మాత్రం ఉండయి. వాటిని మన శాసనాల లెక్క చదివితే నిరాశపడతరు.

ఇంకొక మాట. మన దగ్గర వంశం గొప్పజేసుకునుడు ఒక్క దారిల పోలేదు. 1261 మల్కాపురం శాసనం కాకతీయులను సూర్యవంశంల కలిపింది. వాళ్ల కింది నాయకుల శాసనాలు కొన్ని చతుర్థ కులమనే చెప్పుకున్నయి, ఎవరూ సిగ్గుపడలేదు. పొలవాస వైపు ఉగ్రవాడి మేడరాజు కుటుంబం మాధవవర్మ పేరు ఎత్తుకున్నది. 1163 వేయిస్తంభాల గుడి శాసనంల రుద్రదేవుడు ఆ మేడరాజును ఓడించినట్టు చెప్పుకునే నాటికి ఆ గొప్ప పూర్వీకుడు వాళ్లకు ఏం పనికిరాలేదు. ఐర్లండ్‌ల ఓడిపోయిన కుటుంబాన్ని పూరాగ చెరిపేయరు, చుట్టరికం కలిపి కింద కూర్చోబెడతరు. ఐర్‌గియల్ల వాళ్లను చూడున్రి. ముగ్గురు కొల్లాలు అనే అన్నదమ్ముల సంతతని, ఉయి నేల్‌కు దాయాదులని వంశావళి చెప్తది. 827ల లెథ్ కామ్ యుద్ధంల కెనేల్ నోగన్ రాజు నియల్ కైల్లె (మూలపురుషుడు నియల్ వేరు) గెలిచినంక కెనేల్ నోగన్ కిందికొచ్చిన్రు. దాయాది అని రాసుడు గౌరవమే, కాని కప్పం కట్టుడు తప్పలేదు.

శాసనాల_సంచి

మీ బృందానికి గీయడానికి ఒక వంశం కావాలంటే టారాతో మొదలుపెట్టకండి, ఆగ్నేయాన ఉన్న లెయిన్‌స్టర్‌ను ఏలిన ఉయి డూన్‌లింగె వంశం తీసుకోండి. చిన్నది, చావుకబుర్లు బాగా ఉన్నాయి. 727లో చనిపోయిన ముర్ఖద్‌కు ముగ్గురు కొడుకులు: డూన్‌ఖద్, ఫేలాన్, ముర్‌దఖ్. ఒక్కొక్కడి సంతతి ఒక కొమ్మ. ఉయి డూన్‌ఖద లయన్స్ గుట్ట మీద, ఉయి ఫేలాన్ నాస్‌లో, ఉయి ముర్‌దై మల్లఘ్‌మాస్ట్‌లో. 738లో ఆథ్ షెనిగ్ యుద్ధంలో దక్షిణాది ఉయి ఖెన్షెలై రాజు చనిపోవడంతో దారి తేలికైంది. అక్కడినుంచి 1042 దాకా లెయిన్‌స్టర్ రాజ్యం ఈ మూడు కొమ్మల మధ్యే తిరిగింది. మూడు రంగుల పెన్సిళ్లు చాలు: ప్రతి రాజుకూ కొమ్మ రంగు వేసి, చావు సంవత్సరం వరసలో పేర్చండి. పెద్దకొడుకు గద్దె ఎక్కే పద్ధతి లేదని కళ్లకు కనబడుతుంది. అన్న, తమ్ముడు, పినతండ్రి కొడుకు, దాయాది, ఎవరి వెనక బలగం ఉంటే వాళ్లు. ముత్తాత దాకా ఒకే చుట్టరికంలో ఉన్నవాడు అర్హుడని చట్టాలు అంటాయి. కొన్ని తరాలు గద్దె దొరకని కొమ్మ మామూలు ప్రభువుల్లోకి జారిపోతుంది.

ఆ రంగుల పట్టిక పక్కన ఇంకో గడి పెట్టి కిల్డేర్ మఠంలో బిషప్పులు, మఠాధిపతురాళ్లు ఏ కొమ్మవాళ్లో రాయండి. రాజ్యం దక్కని కొడుకులు, కూతుళ్లు ఎటు పోయారో అక్కడ తెలుస్తుంది. వంశావళి రాసే కలం చాలాసార్లు ఆ మఠాల్లోనే ఉండేది.